మొరావియా జంటపాటలకు నూటయాభయ్యేళ్ల జేజేలు

1876 క్రిస్మస్ పండక్కి ప్రాగ్ నగరంలో ఒక చిన్న పాటల పుస్తకం అచ్చయింది. లోపల ఉన్నవి 13 పాటలు. పాడటానికి రెండు ఆడగొంతులు, పక్కన పియానో వాయించడానికి ఒకరు ఉంటే చాలు. ఆ పుస్తకాన్ని ఏ ప్రచురణకర్తా వేయలేదు. యాన్ నెఫ్ అనే టోకు వ్యాపారి తన సొంత డబ్బుతో అచ్చువేయించారు. పిల్లలకు పియానో నేర్పడానికి తమ ఇంటికి వచ్చే మాస్టారికి అది ఆయన ఇచ్చిన పండగ కానుక. ఆ మాస్టారి పేరు ఆంతొనీన్ ద్వోర్జాక్. ఆ పాటలే ‘మొరావియా జంటపాటలు’. మొరావియా అంటే చెక్ దేశంలోని తూర్పు ప్రాంతం. ఈ 2026తో వాటికి నూటయాభయ్యేళ్లు నిండుతున్నాయి.

సింఫనీలకూ ఒపేరాలకూ పుట్టినరోజులు ఘనంగా జరుగుతాయి. చెక్ దేశంలోనైతే 4 అంకెతో ముగిసే ప్రతి ఏడూ సంగీత సంవత్సరమే. స్వరకర్తల్లో స్మెతనా పుట్టింది 1824లో, యానాచెక్ పుట్టింది 1854లో, ద్వోర్జాక్ కన్నుమూసింది 1904లో కాబట్టి అక్కడివాళ్లు ఆ లెక్క పెట్టుకున్నారు. మొన్న 2024లో ఆ వేడుకలు అయిపోయాయి కూడా. ఇంటి ముందుగదిలో పాడుకోవడానికి పుట్టిన పాటల దగ్గరికి వచ్చేసరికి మేళతాళాలు ఉండవు. సంగీతం మీద ఇష్టం ఉన్నవాళ్లే ఎక్కడివాళ్లు అక్కడ నాలుగు అక్షింతలు చల్లాలి. తెలుగులో ఆ పని చేద్దామనే ఈ వ్యాసం.

ముందు ఈ పాటలది ఏ జాతో చెప్పుకోవాలి. గాత్రానికీ పియానోకీ కలిపి స్వరకర్త కూర్చే పాట యూరప్ సంగీతంలో ఒక ప్రత్యేక ప్రక్రియ. మన లలితగీతంలాగే దీనికీ కవిత్వమే ప్రాణం. తేడా ఎక్కడంటే, ఇక్కడ పియానోవారు గొంతు వెనక నడిచే పక్కవాద్యగాళ్లు కారు. వాళ్లు వాయించే ప్రతి స్వరాన్నీ స్వరకర్తే కాగితం మీద పెడతాడు. గొంతు చెప్పని మాటను పియానో చెబుతుంది, ఒక్కోసారి గొంతును కాదంటుంది కూడా. జర్మన్ భాషలో షూబర్ట్, షూమన్ ఈ ప్రక్రియను శిఖరానికి చేర్చారు. చెక్ స్వరకర్తల చేతికి వచ్చేసరికి ఇందులోకి పల్లెపాట వచ్చి చేరింది. అలా చేరిన తొలి పెద్ద విజయం ఈ జంటపాటలు.

ఆ ఏడు ద్వోర్జాక్‌కు 35 ఏళ్లు. ప్రాగ్‌కు ఉత్తరాన నెలాహొజెవెస్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి మాంసం కొట్టు, సత్రం నడిపేవాడు. కొడుకు నగరానికి వచ్చి ఆర్గన్ పాఠశాలలో చదివి, నాటకశాల వాద్యబృందంలో దాదాపు తొమ్మిదేళ్లు వయోలా వాయించారు. స్మెతనా ఆ బృందాన్ని నడిపిన రోజులు కూడా అందులో ఉన్నాయి. 1871లో ఆ కొలువు వదిలేసి స్వరరచన మీద కూర్చున్నారు. అప్పటినుంచి ఇల్లు గడవడానికి పాఠాలే ఆధారం. 1874లో సెయింట్ వోయ్‌తెఖ్ చర్చిలో ఆర్గన్ వాయించే పని దొరికింది. జీతం ఏడాదికి 126 గుల్డెన్లు. ప్రతిభ ఉండి పేదరికంలో ఉన్న యువ కళాకారులకు ఆస్ట్రియా ప్రభుత్వం ఇచ్చే భృతికి ఆయన అర్జీ పెట్టుకుంటే మొదటిసారి 400 గుల్డెన్లు వచ్చాయి. చర్చి జీతానికి మూడింతలు దాటిన మొత్తం అది. రాసిన సింఫనీలు, ఒపేరాలు బీరువాలో ఉన్నాయి. ప్రాగ్ దాటితే ఆయన పేరు ఎరిగినవాళ్లు దాదాపు లేరు.

నెఫ్ గారింట్లో అందరికీ పాటంటే ప్రాణం. ఇల్లాలూ, పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయినీ చక్కగా పాడేవారు. పాఠం అయ్యాక మాస్టారు పియానో దగ్గర ఉండగానే పాటల గోష్ఠి మొదలయ్యేది. జంటగా పాడుకుందామంటే జర్మన్ పాటలు కావలసినన్ని ఉన్నాయి, సొంత భాషలో చాలవు. నెఫ్ గారికి ఒక ఆలోచన వచ్చింది. సుషిల్ సేకరించిన మొరావియా పల్లెపాటల పుస్తకం ఉంది కదా, ఆ వరసలకు రెండో గొంతు కట్టి, పియానో జోడించి ఇవ్వండి మాస్టారూ అని అడిగారు.

ఆ పుస్తకం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఫ్రాంతిషేక్ సుషిల్ క్రైస్తవ గురువు, బ్ర్నో నగరంలో మతశాస్త్రం బోధించేవారు. సెలవులు వస్తే చాలు, మొరావియా పల్లెల్లో తిరుగుతూ ఆడవాళ్లు, పనివాళ్లు పాడే పాటలను మాటతోసహా, వరసతోసహా రాసుకునేవారు. అప్పట్లో చాలామంది సేకర్తలు మాటలు రాసుకుని వరసను గాలికి వదిలేసేవారు. సుషిల్ మాత్రం మాటా వరసా విడదీయరానివని పట్టుబట్టారు. 1835లో మొదటి సంపుటి వచ్చింది. 1850లలో విడతలు విడతలుగా వెలువడిన మహాసంపుటిలో రెండు వేలకు పైగా పాటలున్నాయి. 1868లో ఆయన కన్నుమూశారు. తన పుస్తకం ముగ్గురు మహా స్వరకర్తలకు గాదె కాబోతోందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. ఇవాళ్టి వేడుకలో తొలి తాంబూలం ఆయనకే చెందాలి.

అడిగిన పని ద్వోర్జాక్ మొదలుపెట్టారు. ఒకటి రెండు పాటలకు చేసి చూశారో లేదో, పక్కన పెట్టేశారు. ఉన్న వరసకు రెండో గొంతు అతికించడం తనవల్ల కాదు, ఆ మాటలకు తానే కొత్త వరసలు కడతానన్నారు. పిల్లలకు పాఠం చెప్పి పొట్టపోసుకునే మాస్టారు, జీతమిచ్చే ఆసామి కోరిన పనిని కాదని తనకు తోచింది చేస్తానన్నారు. ఆసామి సరేనన్నారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. ఆరోజు ద్వోర్జాక్ తలూపి ఉంటే నెఫ్ గారింట్లో ఓ కొత్త పాటల పుస్తకం మిగిలేది, అంతే. మొహమాటపడకుండా కాదన్నందుకు, కాదన్నా కోపగించుకోనందుకు ఆ ఇద్దరికీ చెరో దండ వేయాలి.

1875లో సొప్రానో అనే ఆడగొంతుకూ టెనర్ అనే మగగొంతుకూ నాలుగు జంటపాటలు రాశారు. నెఫ్ గారింట్లో పాడేవారికి ఇద్దరు ఆడవాళ్ల పాటలైతే ఇంకా బాగుంటుంది. దాంతో 1876 మే నెలలో ఐదు, జూన్-జూలైలలో ఎనిమిది రాశారు. ఆ పదమూడే క్రిస్మస్ పుస్తకంలోకి ఎక్కాయి. 1877లో మరో నాలుగు రాశారు.

ఆ మే నెల సంగతి ఒకటుంది. 1875 ఆగస్టులో ద్వోర్జాక్ దంపతులకు పుట్టిన ఆడబిడ్డ యోసెఫా రెండు రోజులకే పోయింది. ఆ దుఃఖంలోంచి ఆయన ‘స్టాబాట్ మాటర్’ అనే ప్రార్థనాగానం మొదలుపెట్టారు. శిలువ కింద నిలబడ్డ తల్లి శోకం అది. దాని చిత్తుప్రతి 1876 మే 7న ముగిసింది. అదే నెలలో ఆ పుస్తకంలోని జంటపాటలు మొదలయ్యాయి. బిడ్డ పోయిన కడుపుకోత మీద గంటన్నర సాగే రచన బల్ల మీద ఉండగానే, కోడెకారు కుర్రాళ్లూ గడసరి పిల్లలూ సరసాలాడుకునే పాటలు అదే చేతి నుంచి వచ్చాయి. అందుకేనేమో, వీటిలో ఉల్లాసం ఎంత పొంగినా పలచబడదు. మధ్యలో ఎక్కడో ఒక బరువు తగిలి పోతుంది. 1877 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరు పిల్లలు కూడా ఒకరి తర్వాత ఒకరు పోయారు. కొడుకు పోయిన సెప్టెంబరు 8 ద్వోర్జాక్ పుట్టినరోజు.

ఇక పాటల్లోకి వెళ్దాం. పుస్తకంలో మొదటిది ఒక తరుముడు పాట. నీకు దొరకను, దాన్యూబు వెంట ఈదుకుంటూ పోతానంటుంది పిల్ల. మా ఇంట్లో గాలం ఉంది, ఎలాంటి చేపైనా పడుతుందంటాడు వాడు. అడవి కాకినై ఎగిరిపోతానంటుంది. మా ఇంట్లో విల్లుందంటాడు. ఆకాశంలో చుక్కనైపోతానంటుంది. చుక్కల్ని లెక్కపెట్టేవాళ్లు మా ఊళ్లో ఉన్నారంటాడు. చివరికి దేవుడే నిన్ను నాకిస్తాడని తేల్చేస్తాడు. సంవాదం కదా, ఒక గొంతు పిల్లకీ ఒక గొంతు పిల్లాడికీ ఇస్తారనుకుంటాం. ద్వోర్జాక్ అలా పంచలేదు. ఇద్దరు ఆడవాళ్లూ కలిసే రెండు పక్షాలూ పాడతారు. పారిపోయేదీ వాళ్లే, పట్టుకునేదీ వాళ్లే. వినేవాడికి ఆ పిల్ల నిజంగా తప్పించుకుందామనే అనుకుంటోందా అని అనుమానం వస్తుంది. పాటకు కావలసింది ఆ అనుమానమే.

గొంతులు నడిచే తీరు మన సరిగమల్లో చెప్పుకోవచ్చు. కింది గొంతు షడ్జం మీద ఉంటే పై గొంతు గాంధారం మీద ఉంటుంది. కింద రిషభానికి పోతే పైన మధ్యమానికి పోతుంది. ఇలా మూడేసి స్వరాల ఎడంతోనో ఆరేసి స్వరాల ఎడంతోనో చేయి చేయి పట్టుకుని నడవడం మధ్య యూరప్ పల్లెల్లో జంటగా పాడేవారి అలవాటు. ద్వోర్జాక్ ఆ అలవాటును వదల్లేదు. కానీ వింటూ ఉంటే ఉన్నట్టుండి ఒక గొంతు వెనకబడుతుంది, ముందు గొంతు పలికిన తునకనే అందుకుని తర్వాత వస్తుంది. అంతలో పియానో మేజర్ నుంచి మైనర్‌లోకి మళ్లుతుంది, వెలుగున్న చోట నీడ పడుతుంది. రెండు నిమిషాల పాటలో ఇన్ని జరుగుతాయి. ‘ఎగిరిపో పిట్టా’, ‘మేపుల్ చెట్టు మీద పావురం’, ‘ఉంగరం’, ‘నీరూ కన్నీరూ’, ‘చెరపట్టిన పిల్ల’, ‘అడవిగులాబి’ అని పేర్లు చదివితేనే పల్లె కళ్లకు కడుతుంది. మంచి మాటలతోనే విడిపోదామని చెప్పుకునే వీడ్కోలు పాట ఒకటుంది. అది వింటే, కలిసి ఉండటానికి కట్టిన పాటల్లోకన్నా విడిపోవడానికి కట్టిన పాటలోనే గొంతులు ఎక్కువ దగ్గరగా నడిచాయని నాకనిపిస్తుంది.

పుస్తకం అచ్చయ్యాక నెఫ్ గారు ఊరుకోలేదు. వియన్నాలో పేరు మోసిన వాళ్లకు ప్రతులు వెళ్లాయి. విమర్శకుడు హాన్స్‌లిక్‌కు ఒకటి, స్వరకర్త బ్రామ్స్‌కు ఒకటి. ఇద్దరూ ప్రభుత్వ భృతి కమిటీలో ఉన్నవాళ్లే. 1877లో ద్వోర్జాక్ మళ్లీ అర్జీ పెట్టుకున్నప్పుడు ఈ పాటలూ వాళ్ల ముందు ఉన్నాయి. ఆ డిసెంబరులో బ్రామ్స్ తన ప్రచురణకర్త, బెర్లిన్‌లోని సిమ్‌రాక్‌కు ఉత్తరం రాశారు. ప్రాగ్‌లో ఇలాంటివాడు ఒకడున్నాడు, సొంత ఖర్చుతో వేసుకున్నట్టున్న ఈ జంటపాటలు నీకు పనికొస్తాయి, చూడమని. తోటి స్వరకర్త కోసం తన ప్రచురణకర్తకు సిఫార్సు చేయడం ఎంత పెద్ద మనసుకు సాధ్యమో కళారంగంలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ అభిమానం తర్వాత కూడా చెక్కుచెదరలేదు. ద్వోర్జాక్ అమెరికాలో ఉన్నప్పుడు ఆయన రచనల ప్రూఫులను సిమ్‌రాక్ కోసం బ్రామ్స్ స్వయంగా దిద్దిపెట్టారు.

1878లో సిమ్‌రాక్ ఆ పాటలను జర్మన్ అనువాదంతో ప్రచురించారు. పారితోషికం ఏమీ ఇవ్వలేదు. ఇవి అమ్ముడుపోతాయని కనిపెట్టి, ఇదే జానపద ధోరణిలో నాలుగు చేతుల పియానోకు నాట్యాలు రాయమన్నారు. అవే ‘స్లావ్ నాట్యాలు’. వాటికి 300 మార్కులు ఇచ్చారు. ఆ నవంబరులో బెర్లిన్ దినపత్రిక ‘నాసియోనాల్ సైటుంగ్’లో లూయీ ఎలర్ట్ అనే విమర్శకుడు జంటపాటలనూ నాట్యాలనూ కలిపి ఆకాశానికి ఎత్తేశారు. స్వరపత్రాల దుకాణాల మీద జనం పడ్డారు. చర్చి ఆర్గనిస్టు కొద్ది నెలల్లో యూరప్ అంతటికీ తెలిసిన పేరయ్యారు. ఎనిమిదో సింఫనీ, చెల్లో కన్చెర్టో, ‘న్యూ వరల్డ్’ సింఫనీ, అన్నీ ఆ తర్వాతివే. లోకం ద్వోర్జాక్ ఇంటి తలుపు తట్టింది ఈ పాటలవల్లనే.

ఇక్కడ మన దేశానికి ఒక సన్నని దారం ఉంది. ద్వోర్జాక్ మీద తొలి జీవిత చరిత్ర 1886లో రాసిన యోసెఫ్ జుబాటీ సంగీత విద్వాంసుడు కాదు. సంస్కృత పండితుడు, తర్వాత ప్రాగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ద్వోర్జాక్‌కు స్నేహితుడు, ఆయన రచనలను పియానోకు మార్చి రాసిపెట్టినవాడు కూడా. పగలు పాణిని భాష, సాయంత్రం ద్వోర్జాక్ పాట. పండితులకు ఇలాంటి సాయంత్రాలు ఉండాలి.

పొగడ్తల మధ్య ఒక ఒప్పుకోలు కూడా ఉండాలి. ఈ పాటల్లో పల్లె ఎంత, ప్రాగ్ ముందుగది ఎంత అని అడిగితే, ముందుగదే ఎక్కువ. మాటలు మొరావియా యాసలోనే ఉంచారు కానీ ద్వోర్జాక్ పశ్చిమాన ఉన్న బొహీమియా మనిషి. బొహీమియా పల్లెపాటకు నాట్యం కాళ్లు, లెక్క తప్పని లయ. తూర్పు మొరావియా పాట అలా ఉండదు. మాట సాగినంత దూరం స్వరం సాగుతుంది. మేజర్ ఛాయలో పాడుతూ పాడుతూ ప్రతిమధ్యమం తగిలిస్తారు, మన కల్యాణి గుర్తొస్తుంది. పాట నడుమ షడ్జమే ఒక మెట్టు కిందికి దిగిపోయి కొత్త చోట కుదురుకుంటుంది. వీటిలో చాలా సంగతులు ద్వోర్జాక్ పాటల్లో పూర్తిగా వినిపించవు. ఆయన పల్లె మాటల్ని తీసుకుని నగరపు సొగసుతో పలికించారు. అది లోపమని నేననను. కానీ అది తెలుసుకుని వింటేనే, ఆయన తర్వాత వచ్చినవాడు ఏం చేశాడో అర్థమవుతుంది.

ఆ తర్వాతివాడు లెయోష్ యానాచెక్. 1854లో మొరావియాలోని హుక్వాల్డీలో పుట్టారు, జీవితమంతా బ్ర్నోలో గడిపారు. ద్వోర్జాక్ అంటే ఆయనకు ప్రాణం. 1877 వేసవిలో ఇద్దరూ కలిసి కాలినడకన బొహీమియా చూసి వచ్చారు. జంటపాటల్లో ఆరింటిని యానాచెక్ పెద్ద గాయకబృందం పాడుకునేలా మార్చి రాశారు కూడా. ఇద్దరి కోసం కట్టిన పాటను ఊరంతా పాడేలా చేసిన తొలి అభినందన అదే అనుకోవాలి. ఆ తర్వాత ఆయన ఫ్రాంతిషేక్ బార్తోష్ అనే ఉపాధ్యాయుడితో కలిసి స్వయంగా పల్లెలు తిరిగి పాటలు సేకరించారు. ఇద్దరూ కలిసి కూర్చిన సంకలనంలోంచి 53 పాటలకు పియానో రాసి ‘మొరావియా జానపద కవిత్వం పాటల్లో’ అనే పేరుతో రెండు భాగాలుగా వెలువరించారు. ఇక్కడ పద్ధతి తిరగబడింది. ద్వోర్జాక్ మాటలు ఉంచి వరస మార్చారు. యానాచెక్ మాటనూ వరసనూ తాకలేదు, పియానో ఒక్కటే తనది. ఆ పియానో కూడా కచేరీ పియానోలా ఉండదు. పల్లె వాద్యగాళ్లు సుత్తుల్లాంటి పుల్లలతో తంతుల మీద కొట్టి వాయించే సింబలోమ్ గలగల అందులో వినిపిస్తుంది. నేలకు ఎవరు దగ్గర అంటే నా ఓటు యానాచెక్‌కే. కానీ గాత్రానికీ పియానోకీ మధ్య పల్లెపాటకు చోటుందని చూపిన ముందటి మనిషి లేకపోతే ఈ రెండోవాడు ఆ దారి అంత తేలిగ్గా పట్టేవాడు కాదు.

ఆ దారి చివర ‘అదృశ్యమైనవాడి డైరీ’ ఉంది. 1916లో బ్ర్నో పత్రిక ‘లీదొవె నొవిని’లో కొన్ని కవితలు వచ్చాయి. జిప్సీ పిల్ల కోసం ఊరూ ఇల్లూ వదిలి వెళ్లిపోయిన ఒక రైతుబిడ్డ రాసిపెట్టుకున్న గీతాలన్నట్టుగా వాటిని అచ్చేశారు. యానాచెక్ వాటిని టెనర్, ఆల్టో, మరో మూడు ఆడగొంతులు, పియానోకు కట్టారు. 1921లో బ్ర్నోలో మొదటిసారి పాడారు. జానపదంగా చలామణీ అయిన ఆ కవితల అసలు కర్త ఓజెఫ్ కల్దా అనే రచయిత అని 1997లో గానీ బయటపడలేదు. అప్పటికి యానాచెక్ పోయి దాదాపు 70 ఏళ్లు.

ద్వోర్జాక్ కూడా జంటపాటలతో ఆగలేదు. 1880లో అడోల్ఫ్ హైడూక్ కవితలకు ఏడు ‘జిప్సీ పాటలు’ రాశారు. వాటిలో నాలుగోది ‘అమ్మ నేర్పిన పాటలు’. లోకంలో ఎక్కువమంది నోట పడిన చెక్ పాటల్లో ఇదొకటి. గొంతు రెండు లెక్కల తాళంలో, పియానో ఆరు లెక్కల తాళంలో నడుస్తాయి. ఒకటి నిలకడగా చెబుతుంటే రెండోది లోపల ఊగుతూనే ఉంటుంది. 1886లో మళ్లీ పల్లె మాటల దగ్గరికే వచ్చి ‘జానపద ధోరణిలో’ అనే పేరుతో నాలుగు పాటలు రాశారు. 1892లో న్యూయార్క్ వెళ్లి అక్కడి సంగీత పాఠశాలకు అధిపతి అయ్యాక, అమెరికా సంగీతం నల్లజాతివాళ్ల పాటల మీద నిలబడాలని అందరికీ నచ్చినా నచ్చకపోయినా చెప్పారు. ఆ పాఠశాలలో చదివే హ్యారీ బర్లీ అనే నల్లజాతి యువకుడు తాతగారి దగ్గర నేర్చిన భక్తిపాటలు ఆయనకు పాడి వినిపించేవాడు. అదే బర్లీ తర్వాత ఆ భక్తిపాటలను ఒక గొంతుకూ పియానోకూ కట్టి కచేరీ వేదిక ఎక్కించారు. ఘనత బర్లీదే. అయినా నెఫ్ గారి ముందుగదిలో మొదలైన ఆలోచనకు అట్లాంటిక్ అవతల ఒక చుట్టం దొరికినట్టయింది.

సుషిల్ పుస్తకానికి మూడో స్వరకర్త బొహుస్లావ్ మార్టిను. పొలిచ్కా ఊరి చర్చి గోపురం మీద కాపలాదారు గదిలో పుట్టిన మనిషి. తండ్రి అక్కడ మంటల కాపలా. నాజీలు యూరప్‌ను ఆక్రమించుకుంటుంటే పారిస్ వదిలి 1941లో అమెరికా చేరారు. ఇల్లు చేరే ఆశ లేని ఆ రోజుల్లో మొరావియా పల్లె మాటలకు వరసగా మూడు పాటల సంపుటులు రాశారు. 1942లో ‘కొత్త ష్పాలీచెక్’, 1943లో ‘ఒక్క పేజీ పాటలు’, 1944లో ‘రెండు పేజీల పాటలు’. పేర్లకు తగ్గట్టే పాట ఒకటి రెండు పేజీల్లో ముగిసిపోతుంది. ఒక్క స్వరం అదనంగా ఉండదు. ద్వోర్జాక్ లాగే ఈయనా మాటలు తీసుకుని వరస తనదే పెట్టారు. మొదటి సంపుటిని యాన్ మసరిక్‌కు అంకితమిచ్చారు. ఆయన చెకొస్లొవాకియా ప్రవాస ప్రభుత్వ విదేశాంగ మంత్రి, పైగా మంచి పియానో చేయి ఉన్నవాడు.

1942 జూన్ 10న నాజీలు లిదిత్సే అనే చెక్ ఊరిని నేలమట్టం చేశారు. మగవాళ్లను కాల్చేశారు, ఆడవాళ్లను నిర్బంధ శిబిరాలకు తోలారు. ఆ ఊరి పేరు మీద న్యూయార్క్‌లో చెక్ జానపద గీతాల రికార్డు ఒకటి తయారైంది. పాడింది మెట్రొపాలిటన్ ఒపేరా గాయని యార్మిలా నొవొత్నా. పియానో వాయించింది మంత్రిగారు మసరిక్ స్వయంగా. యుద్ధం నడిబొడ్డున ఒక దేశపు విదేశాంగ మంత్రి పియానో ముందు కూర్చుని పల్లెపాటలకు తోడు వాయించిన సందర్భం చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమో నాకైతే గుర్తు లేదు. గాత్రం, పియానో, పల్లెమాట అనే మూడు చిన్న దినుసులు ఎంత బరువు మోయగలవో ఆ రికార్డు వింటే తెలుస్తుంది.

ఈ పాటలను నూటయాభయ్యేళ్లు నిలబెట్టింది పాడేవాళ్లు, వాయించేవాళ్లు. అభినందనలో వాళ్ల వాటా వాళ్లకు ముట్టాలి. చిన్నప్పుడు యానాచెక్ దగ్గరే నేర్చుకున్న పియానిస్టు రుడోల్ఫ్ ఫిర్‌కుష్నీ, ముసలితనంలో గాయని గాబ్రియేలా బెన్యాచ్కొవా పక్కన కూర్చుని ద్వోర్జాక్, యానాచెక్, మార్టిను పాటలు ముగ్గురివీ రికార్డు చేశారు. గురువు చేతి వాసన శిష్యుడి వేళ్లలో ఎలా ఉంటుందో అందులో వినొచ్చు. ఈ తరంలో బ్ర్నోలోనే పుట్టిన గాయని మగ్దలేనా కొజెనా, మాల్కమ్ మార్టినో పియానోతో ‘అమ్మ నేర్పిన పాటలు’ పేరుతో చేసిన ఆల్బం కొత్తవాళ్లు మొదలుపెట్టడానికి మంచి చోటు. పల్లెపాటను పల్లెపాటలాగా పలకాలా, ఒపేరా గొంతుతో పలకాలా అన్న తగవుకు ఆమె గొంతే జవాబు. అక్షరం స్పష్టంగా, స్వరం తేలిగ్గా ఉంటుంది, గొంతు ఎక్కడా గర్జించదు.

పేరు లేని వాళ్లు ఇంకా ఉన్నారు. ఈ పాటల మాటలు కట్టిన మొరావియా ఆడవాళ్ల పేర్లు ఏ ముఖపత్రం మీదా లేవు. గడ్డి కోస్తూ, నీళ్లు మోస్తూ, ఉంగరం పోగొట్టుకున్నందుకు ఏడుస్తూ వాళ్లు అల్లిన మాటలే ద్వోర్జాక్‌కు పేరు తెచ్చాయి, సిమ్‌రాక్‌కు డబ్బు తెచ్చాయి. స్వరకర్తకు పారితోషికం ఇవ్వని సిమ్‌రాక్‌ను తప్పుపడతాం గానీ, ఆ ఆడవాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వలేదన్నది కూడా నిజమే. ఈ వార్షికోత్సవంలో ఎవరైనా దీపం వెలిగిస్తే అందులో ఒక వత్తి వాళ్లది.

నూటయాభయ్యేళ్ల జంటపాటలకు తెలుగు నేల నుంచి హృదయపూర్వక అభినందనలు. ఇప్పుడు చదువరులకు ఒక మనవి. హైదరాబాదులోనూ విశాఖలోనూ విజయవాడలోనూ పిల్లలు పియానో, కీబోర్డు నేర్చుకుంటున్నారు, గ్రేడ్ పరీక్షలు రాస్తున్నారు. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో ఉన్న మన ఇళ్లలోనూ అంతే. ఎక్కువమంది ఒంటరిగా సాధన చేసి, ఒంటరిగా పరీక్ష రాసి, పుస్తకం మూసేస్తారు. ఈ పాటలు ఒంటరిగా పాడటానికి వీల్లేనివి. అక్కాచెల్లెళ్లయినా, తల్లీకూతుళ్లయినా, ఇద్దరు స్నేహితురాళ్లయినా చాలు, పియానో దగ్గర ఒకరుంటే సరి. మైకు అక్కర్లేదు, వేదిక అక్కర్లేదు. ద్వోర్జాక్ రచనల మీద కాపీహక్కులు ఎప్పుడో తీరిపోయాయి, స్వరపత్రాలు ఉచితంగా దొరుకుతాయి. చెక్ ఉచ్చారణ కష్టమనుకుంటే మొదట ఆ, ఊ అని స్వరాలతోనే పాడుకోండి, నాలుక తర్వాత తిరుగుతుంది. పియానో భాగం మూడు నాలుగేళ్లు నేర్చుకున్న చేతికి లొంగని కష్టమేమీ కాదు. ఈ క్రిస్మస్‌కు ఆ పుస్తకం అచ్చై సరిగ్గా నూటయాభయ్యేళ్లు. అప్పటికి ఒక్క పాటైనా నేర్చుకోండి. మొదటి పాటతోనే, ఆ తరుముడు పాటతోనే మొదలుపెట్టండి.